వీడియో గేమ్ బ్రాండ్లు: ఒక దేశంలో రారాజు, ఇంకో దేశంలో అనామకుడు ఎందుకు? తరచుగా అడిగే ప్రశ్నలు

పటమటలో ఒకింట్లో అమెరికా నుంచి వచ్చిన ఎక్స్‌బాక్స్ ఉంటుంది. పక్కింట్లో బందరు రోడ్డులో కొన్న ప్లేస్టేషన్. ఎదురింటి పిల్లాడికి ఫోన్లో ఫ్రీ ఫైర్ చాలు. ముగ్గురూ ఒకే బడికి వెళ్తారు, సాయంత్రం కలిసి ఆడదామంటే మాత్రం ముగ్గురికీ కుదిరే ఆట దొరకడం కష్టం. ఒక వీధిలోనే ఇంత తేడా ఉంటే దేశాల మధ్య ఎందుకుండదు? బెజవాడ, గుంటూరు పాఠకులకు పనికొచ్చేలా ఈ జవాబులు రాశాం.

మంచి ఆట ఎక్కడైనా మంచి ఆటే కదా. మరి బ్రాండు దేశానికో రకంగా ఎందుకు అమ్ముడవుతుంది?

ఆట బాగుందో లేదో జనం ఆడి చూసేలోపే చాలావరకు తేలిపోతుంది. ఆ యంత్రం ఆ దేశానికి ఏ ఏడాది వచ్చింది, సుంకం కట్టాక ధర ఎంతకు తేలింది, ఆన్‌లైన్ దుకాణం సొంత కరెన్సీలో ఉందా, పాడైతే బాగుచేసేవాడున్నాడా, పక్కింటి కుర్రాడి దగ్గర ఏముంది: వీటి తర్వాతే అభిరుచి. పదేళ్ళు ఒకే బ్రాండు దొరికిన చోట జనానికి దాని ఆటలే రుచి మరుగుతాయి. అది చూసి బయటివాళ్ళు "వాళ్ళ టేస్టే అంత" అంటారు. గుంటూరు వాళ్ళకు కారం ఇష్టం కాబట్టి మిరప వేశారా, మిరప పండింది కాబట్టి కారం అలవాటైందా అని అడిగినట్టే ఉంటుంది.

మారియో మన దగ్గర అందరికీ తెలుసు. నింటెండో పేరు చెబితే మాత్రం "అదేంటి?" అంటారు. ఎందుకలా?

మారియోను తయారుచేసిన జపాన్ కంపెనీయే నింటెండో. అది 1983 జులై 15న జపాన్‌లో ఫామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. అమెరికాలో అదే యంత్రం రూపం మార్చుకుని 1985లో ఎన్‌ఈఎస్ పేరుతో వచ్చింది. జపాన్ కేసెట్‌కు 60 పిన్నులు, అమెరికా కేసెట్‌కు 72. తైవాన్ తదితర చోట్ల తయారైన నకళ్ళు ఎక్కువగా 60 పిన్నుల రకమే. 1990లలో మన ఇళ్ళకు చేరినవి అవే. ఒక అడాప్టర్, టీవీ యాంటెన్నా సాకెట్‌కు పోయే ఒక వైరు, రెండు జాయ్‌స్టిక్‌లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ. కేసెట్ మీద "99 ఇన్ 1" అని ఉంటుంది. మెనూ తెరిస్తే ఉన్నవి గుప్పెడు ఆటలే, వాటికే పేర్లు మార్చి, మొదలయ్యే దశ మార్చి వరసగా పేర్చి ఉంటారు. తెర మీద గీతలొస్తే కేసెట్ తీసి పిన్నుల మీద ఉఫ్ అని ఊదడం అందరికీ తెలిసిన వైద్యం. నిజానికి బాగుచేసేది ఊదడం కాదు, తీసి మళ్ళీ పెట్టడమే. నోటి తడి తగిలి రాగి పిన్నులు నల్లబడేవి కూడా.

ఇదే నింటెండో యంత్రాన్ని మన దేశంలో సమురాయ్ అనే పేరుతో అధికారికంగా కూడా కొన్నాళ్ళు అమ్మారు. నకలు ధర ముందు అది నిలబడలేదు. నకలు డబ్బా మీద నింటెండో పేరు ఉండదు కాబట్టి పిల్లలకు గుర్తుండిపోయింది మీసాల మారియో, కాంట్రా. కంపెనీ కాదు.

రష్యాలో కథ కొంచెం వేరు. అక్కడ స్టీప్లర్ అనే సంస్థ 1992లో ఇలాంటి నకలునే తెప్పించి డెండీ అని పేరు పెట్టి, ఏనుగు బొమ్మ వేసి, టీవీలో ప్రకటనలిచ్చి అమ్మింది. దాంతో ఒక తరానికి వీడియో గేమ్ అంటే డెండీ. పోలండ్‌లో అదే స్థానం పెగాసస్‌ది. మన దగ్గర నకళ్ళకు పదుల పేర్లుండేవి, ఏదీ నిలవలేదు, చివరికి "వీడియో గేమ్" అన్న మాటే బ్రాండైపోయింది. 2017లో స్విచ్ అనే నింటెండో యంత్రం వచ్చేసరికి ఇక్కడ నింటెండోకు పాత పరిచయమూ లేదు, అధికారిక అమ్మకమూ లేదు. ఇప్పుడు దొరికేవి దిగుమతిదారులు తెప్పించేవే.

జపాన్‌లో ఎక్స్‌బాక్స్ ఎందుకు నిలదొక్కుకోలేదు? వాళ్ళు స్వదేశీ అభిమానులు కాబట్టేనా?

అది ఒక్కటే అనుకుంటే మిగతావి కనబడవు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ అమెరికాలో 2001 నవంబరు 15న, జపాన్‌లో 2002 ఫిబ్రవరి 22న వచ్చింది. సోనీ ప్లేస్టేషన్ 2 (పీఎస్2) అప్పటికే రెండేళ్ళుగా అక్కడి ఇళ్ళల్లో డీవీడీ ప్లేయర్‌గా కూడా పనిచేస్తోంది. ఎక్స్‌బాక్స్ డబ్బా పెద్దది, దాని మొదటి కంట్రోలర్ ఇంకా పెద్దది. జపాన్ కోసమని చిన్న కంట్రోలర్ చేశారు, అది ఎంత నచ్చిందంటే తర్వాత అన్ని దేశాలకూ అదే ఇచ్చారు. ఆటల్లో బలం తుపాకీ ఆటల వైపు ఉండేది. అక్కడి జనం ఎదురుచూసేది డ్రాగన్ క్వెస్ట్ లాంటి కథల ఆటల కోసం. తర్వాతి యంత్రానికి మైక్రోసాఫ్ట్ డబ్బు పెట్టి జపాన్ నిపుణులతోనే బ్లూ డ్రాగన్ (2006) చేయించింది. ఒక ఆటతో ఇరవై ఏళ్ళ అలవాటు మారదు.

చాలామంది గమనించని చిన్న విషయం ఇంకోటి ఉంది. జపాన్‌లో సున్నా గుర్తుకు "సరే" అని, ఇంటూ గుర్తుకు "కాదు" అని అర్థం. బడిలో టీచర్లు దిద్దేదీ అలాగే, ఒప్పుకు సున్నా చుడతారు. అందుకే జపాన్ ప్లేస్టేషన్‌లో పీఎస్4 దాకా ఖరారు చేసే బటన్ సున్నా, వెనక్కి పోయే బటన్ ఇంటూ. అమెరికాలో, ఇక్కడా సరిగ్గా తలకిందులు. 2020లో పీఎస్5తో సోనీ అన్ని దేశాలకూ ఇంటూ గుర్తునే ఖరారు బటన్‌గా పెట్టింది. మొదటి రోజుల్లో అక్కడివాళ్ళు "సరే" అనబోయి వెనక్కి వెళ్ళిపోతుండేవారు. పాత జపాన్ పీఎస్2 మీ చేతికొస్తే మెనూలో ఏ బటనూ మాట వినట్లేదనిపిస్తుంది, కారణం ఇదే.

సెగా మూతబడింది కదా, బ్రెజిల్‌లో ఇంకా దాని పాత యంత్రాలు అమ్ముతారట. నిజమేనా?

ముందు చిన్న సవరణ: సెగా కంపెనీ ఉంది, ఆటలు చేస్తోంది. 2001లో ఆపింది సొంత యంత్రాల తయారీని. బ్రెజిల్ మాట మాత్రం నిజం. అక్కడ దిగుమతి సుంకాలు విపరీతం, కానీ దేశంలోనే తయారుచేస్తే రాయితీలు. 1987లో మొదలైన టెక్‌టాయ్ అనే బొమ్మల సంస్థ సెగా దగ్గర లైసెన్సు తీసుకుని, అమెజాన్ అడవి మధ్యనున్న మనౌస్ స్వేచ్ఛా వాణిజ్య మండలంలో యంత్రాలు బిగించింది. పోర్చుగీసులోకి అనువదించడంతో ఆగలేదు. ఒక జపాన్ ఆటలో కథానాయకుణ్ణి తీసేసి, అక్కడి పిల్లలకు బాగా తెలిసిన మోనికా అనే కామిక్స్ పాపను పెట్టింది. నింటెండో అధికారికంగా అడుగుపెట్టేసరికి 1993. అప్పటికే ఆలస్యం.

దిగుమతి చేసుకున్నదానికి ఏమవుతుందో కూడా బ్రెజిల్‌లోనే చూడొచ్చు. 2013లో పీఎస్4 ధర అమెరికాలో 399 డాలర్లు, బ్రెజిల్‌లో 3,999 రియాళ్ళు, అంటే అప్పటి మారకంలో 1,800 డాలర్ల పైమాటే.

మన దేశంలోనూ సెగా ఇలాంటి ప్రయత్నం చేసింది. 1990ల మధ్యలో 80 శాతం సుంకాన్ని తప్పించుకోవడానికి షా వాలెస్‌తో ఒప్పందం చేసుకుంది. అవును, మద్యానికి పేరున్న ఆ షా వాలెస్సే. ధర 18,000 రూపాయలు. ఆ రోజుల్లో ఆ డబ్బుతో ఇంట్లోకి కలర్ టీవీ వచ్చేది.

కొరియా, చైనాల్లో కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే ఆటల యంత్రం) కంటే కంప్యూటర్ ఆటలే ఎక్కువ. అదెందుకు?

రెండుచోట్లా ప్రభుత్వ నిబంధనే కారణం. కొరియాలో జపాన్ వినోద సరుకు మీద 1998 దాకా ఆంక్షలుండేవి. నింటెండో యంత్రాన్ని హ్యుందాయ్ తన పేరుతో, సెగా యంత్రాన్ని సామ్‌సంగ్ తన పేరుతో అమ్మాయి. ఆంక్షలు సడలే వేళకు ఆర్థిక సంక్షోభం వచ్చింది, ఉద్యోగాలు పోయినవాళ్ళు చాలామంది ఇంటర్నెట్ ఆటల కేంద్రాలు పెట్టారు, అదే ఏడాది స్టార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆట వచ్చింది. ఇంట్లో యంత్రం కొనాల్సిన పనే లేకపోయింది. చైనాలో 2000 నుంచి కన్సోళ్ళ అమ్మకం నిషేధం. 2014లో షాంఘై మండలంలో, 2015లో దేశమంతటా ఎత్తేశారు. ఆ పదిహేనేళ్ళలో పెరిగిన పిల్లలు మౌసుకీ ఫోనుకీ అలవాటుపడ్డారు.

2000లలో మన నెట్ సెంటర్లు కూడా కొంత ఇదే పని చేశాయి. గంటకింత అని కట్టి వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్, ఐజీఐ ఆడినవాళ్ళు ఇప్పుడు ముప్పై దాటారు. వాళ్ళు కొనుక్కుంటే చాలావరకు గేమింగ్ కంప్యూటరే కొంటారు.

ఇంగ్లండ్ సంగతి?

అక్కడ 1980లలో రాజ్యమేలింది జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చిన్న ఇంటి కంప్యూటర్. 1982లో 16 కిలోబైట్లది 125 పౌండ్లు. ఆటలు మామూలు పాటల కేసెట్ మీద వచ్చేవి, టేప్ రికార్డర్‌తో ఎక్కించాలి, రెండు డెక్కుల టేప్ రికార్డరుంటే స్నేహితుడికి కాపీ చేసివ్వొచ్చు. 1983లో అమెరికాలో గేమ్ మార్కెట్ కుప్పకూలినప్పుడు వీళ్ళకు పెద్దగా తెలియను కూడా లేదు.

పీఎస్5 అమెరికాలో చవక, ఇక్కడ ఖరీదు. తేడా ఎక్కడికి పోతోంది?

2021 ఫిబ్రవరి 2న మన దేశంలో విడుదలైనప్పటి లెక్క చూద్దాం. డిస్కు పెట్టే రకం ఇక్కడ 49,990 రూపాయలు, అమెరికాలో 499.99 డాలర్లు. అప్పటి మారకం సుమారు 73 రూపాయలు, అంటే 36,500. అయితే అమెరికా ధరలో అమ్మకం పన్ను కలవదు, అది బిల్లు దగ్గర పడుతుంది. మన ధరలో 18 శాతం జీఎస్‌టీ కలిసే ఉంటుంది. (కన్సోళ్ళ మీద జీఎస్‌టీ 28 శాతం ఉండేది, 2019 జనవరి నుంచి 18 అయింది.) 36,500కు 18 శాతం కలిపితే సుమారు 43,000. మిగిలిన 7,000 కస్టమ్స్ సుంకం, రవాణా, దుకాణదారు లాభం, రూపాయి పడిపోతే ఆదుకోవడానికి వేసుకున్న కాస్త జాగా. "కంపెనీ దోచేస్తోంది" అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ధరతో పాటు తేదీ కూడా చూడండి. అమెరికా, జపాన్‌లలో పీఎస్5 విడుదల 2020 నవంబరు 12. మనకు దాదాపు మూడు నెలల ఆలస్యం. ఎక్స్‌బాక్స్ మాత్రం అదే నవంబరు 10న అన్నిచోట్లతో పాటే ఇక్కడా వచ్చింది. అయినా ఎందుకు గెలవలేదంటే, గేమ్ పార్లర్ల నిండా, అన్నయ్యల అలమారాల్లో ఉన్నవి ప్లేస్టేషన్ డిస్కులు. పీఎస్4 డిస్కు పీఎస్5లో ఆడుతుంది. పాత డిస్కులున్నవాడు పక్క బ్రాండుకు పోడు.

అమెరికా నుంచి మా బావ యంత్రం తెస్తానంటున్నాడు. ఏం చూసుకోవాలి?

ప్రతి రెండో ఇంటి నుంచీ ఒకరు అమెరికాలో ఉండే ఊళ్ళు మనవి, కాబట్టి ఇది వివరంగా.

మొదట కరెంటు. అక్కడ 120 వోల్టులు, జపాన్‌లో 100, మనకు 230. యంత్రం అడుగున లేదా అడాప్టర్ మీద ఇన్‌పుట్ అని రాసినచోట "100-240" ఉంటే దిగుల్లేదు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్, స్విచ్ అడాప్టర్ ఈ కోవలోవే. ఎక్స్‌బాక్స్‌కు వైరు మాత్రం మార్చాలి: పాత టేప్ రికార్డర్లకు వాడే ఎనిమిది అంకె ఆకారపు రెండు రంధ్రాల పవర్ కేబుల్ ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇస్తారు. అమెరికా చదునుపిన్నుకు వదులుగా ఉండే కన్వర్టర్ తగిలించి నెట్టుకురావద్దు, కదిలినప్పుడల్లా నిప్పురవ్వలొచ్చి సాకెట్ కాలుతుంది. "120" లేదా "100-127" అని మాత్రమే ఉంటే, పాత ఎక్స్‌బాక్స్ 360 అడాప్టర్ల మాదిరి, నేరుగా పెట్టిన క్షణంలో పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. తొలినాటి 360 అడాప్టర్ 200 వాట్లు దాటి లాగుతుంది కాబట్టి 300 వాట్లకు తక్కువది వద్దు, 500ది తీసుకుంటే వేడెక్కదు.

రెండోది ఖాతా. ప్లేస్టేషన్ ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చిన దేశం ఇక మారదు. బావ అక్కడే తన దేశంతో ఖాతా తెరిచిస్తే ధరలు డాలర్లలో కనబడతాయి, భారత గిఫ్టు కార్డు ఎక్కదు. పెట్టె ఇక్కడికొచ్చాక భారత్ అని పెట్టి కొత్త ఖాతా తెరవండి. ఎక్స్‌బాక్స్‌లో దేశం మూడు నెలలకోసారి మార్చుకోవచ్చు. నింటెండో ఖాతా దేశమూ మారుతుంది, నిల్వ డబ్బు సున్నా ఉండాలి. అయితే నింటెండో దుకాణంలో మన దేశమే లేదు, ఏదో ఒక దేశం ఎంచుకుని ఆ దేశపు గిఫ్టు కార్డుతోనే కొనాలి.

మూడోది డిస్కు. పీఎస్4, పీఎస్5 ఆటల డిస్కులు ఏ దేశానివైనా ఆడతాయి. చిక్కొచ్చేది అదనపు భాగాల దగ్గర: అమెరికా డిస్కుకు కొనే అదనపు దశలు అమెరికా ఖాతాలోనే దొరుకుతాయి, భారత ఖాతాలో కొంటే డబ్బు పోతుంది, దశ తెరుచుకోదు. సినిమా డిస్కులకు మాత్రం ప్రాంతం కట్టుబాటుంది. అమెరికా యంత్రం ఒకటో ప్రాంతపు డీవీడీ అడుగుతుంది, మన డీవీడీలు ఐదో ప్రాంతానివి.

వారంటీ కొన్న దేశానిదే. ఏడాది లోపు పాడైతే బావ మళ్ళీ వెళ్ళేదాకా ఆగాలి. మిగిలేది పది వేలే అయితే ఇక్కడే బిల్లుతో కొనుక్కోమంటాం.

జపాన్‌లో ఇంకా చవకట, అక్కణ్ణుంచి తెప్పించుకోవచ్చా?

ఆ చవక రకం మీద ఆశ పెట్టుకోకండి. యెన్ విలువ పడిపోయి బయటివాళ్ళు ఎగబడి కొనుక్కుపోతున్నారని, స్విచ్ 2ను 2025లో అక్కడ రెండు ధరలకు విడుదల చేశారు: జపనీస్ భాష మాత్రమే ఉండేది 49,980 యెన్‌లు, అన్ని భాషలదీ 69,980. చవకదాంట్లో జపాన్ ఖాతా మాత్రమే పనిచేస్తుంది. అదే ఏడాది నవంబరులో సోనీ కూడా 55,000 యెన్‌లకు జపనీస్ మాత్రమే ఉండే, డిస్కు పెట్టని డిజిటల్ రకం పీఎస్5 తెచ్చింది. డబ్బా పైన ఇంగ్లిషు కనబడినంత మాత్రాన మోసపోకండి, మోడల్ పేరులో భాష సంగతి చూడాలి.

ఫ్రీ ఫైర్, పబ్‌జీ: ఊరికో పార్టీ ఎందుకుంటుంది?

ఫోను వల్ల. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది, 2018లో పబ్‌జీ మొబైల్ వచ్చింది. వందమంది దిగే ఆట, పూర్తికావడానికి అరగంట, మంచి ర్యామ్ ఉన్న ఫోను కావాలి. ఫ్రీ ఫైర్‌లో యాభై మంది, పది నిమిషాలు, పాత చిన్న ఫోన్లోనూ కదులుతుంది. తెనాలి నుంచి గుంటూరుకు రైల్లో వచ్చే కుర్రాడికి ఏది సరిపోతుందో చెప్పక్కర్లేదు. బ్రెజిల్‌లోనూ ఫ్రీ ఫైర్ అంతగా నాటుకుపోవడానికి ఇదే కారణం: ఖరీదైన కన్సోల్, చవక ఫోను.

ఆ తర్వాత బ్రాండ్ల తలరాత ఢిల్లీ రాసింది. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ మొబైల్ నిషేధం, 2021 జులైలో బీజీఎంఐగా తిరిగి రాక, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ నిషేధం, అదే జులైలో బీజీఎంఐ మళ్ళీ మాయం, 2023 మేలో మళ్ళీ ప్రత్యక్షం. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం అన్నాళ్ళూ దొరుకుతూనే ఉంది. పేరు మారినప్పుడల్లా జట్లు మారాయి, ఆటగాళ్ళు మారలేదు.

క్రికెట్ ఆటలకు పెద్ద బ్రాండు ఎందుకు లేదు?

పెద్ద కంపెనీలకు అమెరికా, యూరప్ లెక్కే ముందు. అమెరికాలో ఏటా తప్పకుండా అమ్ముడయ్యే మ్యాడెన్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మన దగ్గర ఎవరికీ అక్కర్లేదు. ఈఏ సంస్థ 2006 చివర్లో తెచ్చిన క్రికెట్ 07 దాని చివరి పెద్ద క్రికెట్ ఆట. దాన్ని అభిమానులే కొత్త జెర్సీలు, కొత్త జట్లు అతికించి బతికిస్తున్నారు. ఇప్పుడు కన్సోల్ క్రికెట్ చేసేది ఆస్ట్రేలియా సంస్థ బిగ్ యాంట్, ఫోన్లో మనవాళ్ళవి, అందులో చెన్నై నెక్స్ట్‌వేవ్ చేసిన వరల్డ్ క్రికెట్ ఛాంపియన్‌షిప్ ఒకటి. తెలుగు గడ్డ నుంచి కూడా ఒక తొలి అడుగుంది: 2009లో హైదరాబాద్ సంస్థ అరోనా పీఎస్2 కోసం హనుమాన్: బాయ్ వారియర్ చేసింది.

మన దేశంలో అమ్మకుండా ఆపేసిన ఆటలున్నాయా?

2008లో ఫాలౌట్ 3ని ఎక్స్‌బాక్స్ 360 మీద మన దేశంలో విడుదల చేయబోమని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సాంస్కృతిక సున్నితత్వం అన్నదే కానీ వివరం చెప్పలేదు. ఆటలో రెండు తలల ఆవులుంటాయి, వాటి పేరు బ్రాహ్మిన్. ఇక మీరే ఊహించుకోండి. అదే ఆటలో ఆస్ట్రేలియా వాళ్ళు అభ్యంతరపెట్టింది మార్ఫిన్ పేరుకు, దాన్ని అన్ని దేశాలకూ మెడ్-ఎక్స్ అని మార్చారు. జర్మనీలో నాజీ చిహ్నాలున్న ఆటలకు 2018 ఆగస్టు దాకా అనుమతి దొరికేది కాదు.

మే నెలలో యంత్రం దానంతటదే ఆగిపోతోంది. బ్రాండు లోపమా?

పీఎస్5 పనిచేయాల్సిన ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలని సోనీ రాసిస్తుంది. మన ఊళ్ళో మధ్యాహ్నం గది లోపలే అంతకు మించుతుంది. టీవీ స్టాండు అరలోంచి బయటికి తీసి, నాలుగు వైపులా జానెడు ఖాళీ ఉంచి, దుమ్మును నెలకోసారి వాక్యూమ్ క్లీనర్‌తో లాగండి. ఏసీ లేకపోతే రాత్రి ఆడుకోవడమే.

అటక మీద పాత టీవీ గేమ్ దొరికింది. కొత్త టీవీకి పెడితే మారియో ఆడుతోంది కానీ బాతుల మీద తుపాకీ పేలట్లేదు. పోయిందా?

పోలేదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, మరుక్షణం బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం మెరుస్తుంది. గొట్టం లోపలి సెన్సర్ ఆ వెలుగును చూస్తేనే దెబ్బ తగిలినట్టు. పాత బొద్దు టీవీలో ఆ మెరుపు వెంటనే వస్తుంది. కొత్త టీవీ బొమ్మను సవరించి చూపించేసరికి సెకనులో కొంత భాగం ఆలస్యమవుతుంది, అప్పటికి యంత్రం "తప్పింది" అని రాసేసుకుంటుంది. గేమ్ మోడ్ పెట్టినా చాలదు. పాత టీవీ బాగుచేసే దుకాణాల్లో 14 అంగుళాల బొద్దు టీవీ ఏదైనా మూలన పడుందేమో అడిగి చూడండి.